మోత పెరిగిన పాట: తెలుగు రికార్డింగుల్లో ధ్వని నాణ్యత

రికార్డయిన పాటలో ధ్వని నాణ్యత పడిపోతోందన్న ఫిర్యాదు గ్రామఫోనుతో పాటే పుట్టింది. కొత్త సాధనం వచ్చిన ప్రతిసారీ పాతదే మేలన్నవాళ్ళు ఉంటూనే వచ్చారు. ఆ ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం అలవాటు. 1990ల తర్వాత వినిపిస్తున్న ఫిర్యాదు మాత్రం అలాంటిది కాదు. దానికి కొలిచి చూపగల ఆధారం ఉంది. ధ్వనిని పట్టే యంత్రాలు మునుపెన్నడూ లేనంత మెరుగుపడిన కాలంలోనే, వాటితో తయారైన పాటల్లో హెచ్చుతగ్గులు కుంచించుకుపోయాయి. యంత్రం ఇచ్చిన చోటును పాట వాడుకోవడం మానేసింది.

తెలుగు సినిమా పాటా, తెలంగాణ జానపదమూ రెండూ ఈ మార్పుకు లోనయ్యాయి. నిజామాబాద్ జిల్లాలో శ్రీరాంసాగర్ జలాశయం పక్కనున్న మెండోర, దాని చుట్టూ బాల్కొండ, ఆర్మూరు, అటు బోధన్ చెరకు ప్రాంతం లాంటి చోట్ల ఈ కథంతా ఒకే మనిషి ఆయుష్షులో జరిగిపోయింది. కొమ్ము మైకుతో మొదలుపెట్టి, గల్ఫ్ నుంచి వచ్చిన టూ ఇన్ వన్ క్యాసెట్ రేడియో మీదుగా, మెమరీ కార్డు దాటి, డీసీఎం బండి మీద కట్టిన డీజే దాకా విన్న తరం అక్కడ ఇంకా ఉంది.

కొలిచేది దేన్ని

ఒక రికార్డింగును ప్రధానంగా మూడు రకాలుగా కొలుస్తారు. మనిషి చెవి దాదాపు 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వినగలదు. అందులో ఎంత భాగం రికార్డులోకి ఎక్కింది అన్నది మొదటి కొలత. పాటలో లేని చప్పుడు ఎంత కలిసింది అన్నది రెండోది: గ్రామఫోను పలక గరగర, టేపు వెనక వినపడే సుయ్‌మనే శబ్దం, స్పీకరు మోయలేక పగిలిన ధ్వని. మూడోది, పాటలో అతి నెమ్మదైన చోటికీ అతి గట్టి చోటికీ ఉన్న దూరం. ఇంజనీర్లు దీన్ని డైనమిక్ రేంజ్ అంటారు, డెసిబెల్స్‌లో లెక్కిస్తారు. 10 డెసిబెల్స్ పెరిగితే చెవికి శబ్దం దాదాపు రెట్టింపైనట్టు అనిపిస్తుంది.

మొదటి రెండు కొలతల్లో పాత పాటలు ఓడిపోతాయి. ఇందులో వాదనకు చోటు లేదు. పాత పాటంటే ప్రాణమిచ్చేవాళ్ళు ఒప్పుకోకపోయినా, 1950ల నాటి రికార్డులో సితారు తీగ మెరుపు సగం పోయే ఉంటుంది. మూడో కొలత దగ్గర లెక్క తిరగబడుతుంది. ఆనాటి సాధనం ఇవ్వగలిగిన దూరం తక్కువే అయినా గాయకులు, వాద్యగాళ్ళు దాన్ని అంచుల దాకా వాడుకున్నారు. 1982లో మార్కెట్లోకొచ్చిన సీడీ దాదాపు 96 డెసిబెల్స్ దూరం ఇచ్చింది. 2000ల నాటి హుషారు పాటలు చాలావాటిలో సగటు శబ్దానికీ శిఖరానికీ మధ్య పట్టుమని పది డెసిబెల్స్ కూడా ఉండవు.

మూడు నిమిషాల పలక

భారతదేశంలో వాణిజ్య రికార్డింగు 1902 నవంబరులో మొదలైంది. గ్రామఫోన్ కంపెనీ తరఫున వచ్చిన ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో గౌహర్ జాన్ పాటలు పట్టాడు. విద్యుత్తు లేదు, మైక్రోఫోను లేదు. గాయకులు పెద్ద కొమ్ములోకి గొంతెత్తి పాడితే, ఆ గాలి అదురుకే సూది కదిలి మైనం మీద గీత గీసేది. అలా పట్టుబడేది దాదాపు 250 నుంచి 2,500 హెర్ట్జ్ వరకే. నెమ్మదిగా పాడితే సూది కదలదు కాబట్టి కంచుకంఠం ఉన్నవాళ్ళే రికార్డులకు పనికొచ్చారు; తెలుగు రంగస్థల పద్యం పలకల మీద అంత బాగా ఇమడడానికి ఇదీ ఒక కారణం. 1925లో విద్యుత్ మైక్రోఫోను వచ్చాక పరిధి రెట్టింపు దాటింది, మెత్తని గొంతులకూ దారి దొరికింది. పది అంగుళాల 78 ఆర్‌పీఎం పలక మీద మాత్రం ఒక పక్కకు మూడు నిమిషాల చిల్లరే పట్టేది. సినిమాలో ఐదు నిమిషాలున్న పాటను రికార్డు కోసం కోసేవారు, లేదా రెండు పక్కలకూ పంచేవారు.

1932 ఫిబ్రవరిలో విడుదలైన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ ప్రతి ఇప్పుడు దొరకడం లేదు. టాకీల తొలిరోజుల్లో నటులే కెమెరా ముందు పాడేవారు, వాద్యగాళ్ళు చట్రానికి అవతల నక్కి వాయించేవారు. ఆ ధ్వని ఫిల్ము అంచున కాంతిరేఖగా అచ్చయ్యేది. ఆ పద్ధతిలో గరగర ఎక్కువ. దాన్ని అణచడానికి 1938లో హాలీవుడ్ ఒక ప్రమాణం పెట్టుకుని, థియేటర్లలో సుమారు 8,000 హెర్ట్జ్ పైనున్న ధ్వనిని దాదాపు పూర్తిగా తగ్గించేసింది. దశాబ్దాల పాటు సినిమా హాల్లో జనం విన్నది ఆ కత్తిరించిన శబ్దమే.

మద్రాసు థియేటర్లు

1950ల నుంచి 1970ల చివరిదాకా తెలుగు పాటకు చిరునామా మద్రాసు. వాహిని, ఏవీఎం, విజయా గార్డెన్స్, ప్రసాద్ లాంటి చోట్ల గాయకులూ వాద్యబృందమూ ఒకే హాల్లో, ఒకేసారి పాడి వాయించేవారు. మైకులు తక్కువ, ట్రాకు ఒక్కటే. ఎవరి శబ్దం ఎంత వినపడాలన్నది మీట తిప్పి తేల్చేది కొంత. ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టారన్న దాన్ని బట్టి తేలేది ఎక్కువ. వయొలిన్లు ఒక పక్క, తబలా మైకుకు ఇంత దూరం, వేణువు గాయకుడికి ఎదురుగా. ఒకరు తప్పితే అందరూ మొదటినుంచీ ఎత్తుకోవాల్సిందే. బి.ఎన్.రెడ్డి ‘మల్లీశ్వరి’కి (1951) సాలూరు రాజేశ్వరరావు చేసిన పాటల్లో గాలి ఆడుతున్నట్టు అనిపించడానికి ఒక కారణం స్వరరచనైతే, రెండో కారణం నిజంగానే ఆ గదిలోని గాలి. వాద్యాల మధ్య ఉన్న ఎడం, గోడలకు తగిలి తిరిగొచ్చిన నాదం కూడా మైకులో పడేవి.

ఈ విధానంలో హెచ్చుతగ్గులు మనుషుల చేతుల్లో ఉండేవి. పల్లవి ముగియగానే వాద్యాలు తగ్గాలంటే వాయించేవాళ్ళే తగ్గాలి. చరణం చివర ఘంటసాల గొంతు పెంచితే, ఆయనే మైకు నుంచి అర అడుగు వెనక్కి జరగాలి. రికార్డిస్టు కూడా సంగీతం తెలిసినవాడై ఉండక తప్పేది కాదు.

నాణ్యత మరో దారిలో పోయింది. టేపు ఖరీదైనది, పాట ఫిల్ము మీదికీ పలక మీదికీ ఎక్కాక అదే టేపును చెరిపి మళ్ళీ వాడుకునేవారు. 1966లో ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’కు కొత్త కుర్రాడు ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం చేత తొలి పాట పాడించిన సంగీత దర్శకుడు కోదండపాణి, ఆ టేపును ఒక ఏడాది చెరపకుండా ఉంచమని విజయా గార్డెన్స్ ఇంజనీరు స్వామినాథన్‌ను అడిగి ఒప్పించుకున్నారు, వేరే సంగీత దర్శకులకు వినిపించి అవకాశాలు ఇప్పించడానికి. బాలు తన రికార్డింగు స్టూడియోకు కోదండపాణి పేరే పెట్టుకున్నారు. గురుభక్తి కథగా ఇది తెలుగువాళ్ళకు బాగా తెలుసు. దాని అడుగున ఉన్న మరో విషయం అంతగా ఎవరూ పట్టించుకోరు: అడిగి ఆపకపోతే టేపు చెరిపేయడమే ఆనవాయితీ. ఈ రోజు సీడీల్లో, యాప్‌లలో దొరుకుతున్న పాత పాటల్లో అసలు టేపు నుంచి కాక, అరిగిన పలక నుంచో ఫిల్ము అంచు నుంచో తీసినవి ఎన్నో ఉన్నాయి. వి.ఎ.కె.రంగారావు లాంటి సేకర్తలు వేల పలకలను ఇంట్లో దాచుకోకపోతే కొన్నిటికి ఆ మాత్రం ఆనవాలూ మిగిలేది కాదు.

ఊళ్ళో విన్నది

మద్రాసులో పట్టిన శబ్దం మెండోర దాకా వచ్చేసరికి ఇంకెంతో కోల్పోయేది. మీడియం వేవ్ రేడియోలో స్టేషన్ల మధ్య ఎడం 9 కిలోహెర్ట్జ్. అందులో పాటకు మిగిలేది సుమారు నాలుగున్నర వేల హెర్ట్జ్. షార్ట్ వేవ్‌లో రేడియో సిలోన్ పట్టుకుని మీనాక్షి పొన్నుదురై తెలుగు ప్రకటనలు విన్నవాళ్ళకు, అల వచ్చి పోయినట్టు పాట దగ్గరై దూరమవడం కూడా పాటలో భాగమే అయిపోయింది. నిజామాబాద్ ఆకాశవాణి 103.2 మెగాహెర్ట్జ్ మీద ఎఫ్ఎంలో వినపడడం మొదలయ్యాకే 15,000 హెర్ట్జ్ దాకా ధ్వని జిల్లా పల్లెలకు ఇంటింటికీ చేరింది. విచిత్రమేమంటే, నాణ్యత లెక్కన ఊరు నిజంగా ముందుకేసిన అడుగుల్లో ఇదే పెద్దది, దాని గురించి మురిసిపోయేవాళ్ళు మాత్రం తక్కువ.

పెళ్ళిళ్ళకూ జాతరలకూ కట్టే కొమ్ము మైకు కథ వేరు. కొమ్ము ఆకారం వల్ల మాట దూరం పోతుంది కానీ, కింది స్థాయి మద్దెలా పై స్థాయి తాళమూ అందులోంచి రావు. అది ప్రకటనలకు పుట్టింది. తెలుగు పల్లెల్లో ఇప్పటికీ ఎవరైనా కాలం చేస్తే ఆ కొమ్ములోంచే ఘంటసాల భగవద్గీత వినిపిస్తుంది. హెచ్‌ఎంవీ ఎల్పీ కోసం ఎంతో నెమ్మదిగా, ఒక్కో శ్లోకానికీ ఊపిరి సర్దుకుంటూ పాడిన గానం ఫోనులోంచి ఆంప్లిఫయరుకు, అక్కణ్ణించి కొమ్ముకు పోయేసరికి పగిలి, చావు కబురుకు గుర్తుగా మిగిలింది.

క్యాసెట్టు: చవక, చేరువ, సుయ్‌మనే శబ్దం

ఫిలిప్స్ కంపెనీ 1963లో తెచ్చిన క్యాసెట్టు డిక్టేషను కోసం ఉద్దేశించినది. స్టూడియో టేపు సెకనుకు 38 సెంటీమీటర్లు కదిలితే ఇందులో టేపు 4.76 సెంటీమీటర్లే కదులుతుంది. వెడల్పు 4 మిల్లీమీటర్లకు లోపు. అందులోనే రెండు పక్కలకూ కలిపి నాలుగు ట్రాకులు ఇరికించాలి. అంత ఇరుకులో పై స్థాయి ధ్వని నిలవదు, సుయ్‌మనే శబ్దం పోదు.

అయినా భారతదేశాన్ని అదే గెలిచింది. 1980ల మధ్యకల్లా దేశపు సంగీత వ్యాపారంలో సింహభాగం క్యాసెట్టుదే. గుల్షన్ కుమార్ టీ-సిరీస్ చవక క్యాసెట్లతో హెచ్‌ఎంవీ గుత్తాధిపత్యాన్ని విరిచింది. తెలుగులో లహరి, ఆదిత్య లాంటి సంస్థలు ఎదిగాయి. నిజామాబాద్ జిల్లాకు ఇంకో దారి కూడా ఉంది. దుబాయ్, మస్కట్, సౌదీ వలస వెళ్ళినవాళ్ళు సెలవుకు వస్తూ తెచ్చే సామానులో టూ ఇన్ వన్‌ది గౌరవస్థానం. దానికి రెండు పెద్ద స్పీకర్లు, మిణుకుమిణుకుమనే లైట్లు, ‘బేస్’ అని రాసిన మీట. ఆ మీటను ఆ చివరికి తిప్పి వదిలేయడం అప్పుడే మొదలైంది.

పాడయింది ఎక్కువగా కాపీల దగ్గర. కావలసిన పాటలు చీటీ మీద రాసి, ఖాళీ క్యాసెట్టు ఇస్తే దుకాణంవాడు ఎక్కించి ఇచ్చేవాడు. ఆ దుకాణం దగ్గరున్నదే కాపీకి కాపీ. కంపెనీల భారీ ఉత్పత్తిలోనూ టేపును వేగంగా తిప్పి అచ్చేసేవారు. వేగం పెరిగేకొద్దీ పై ధ్వని తెగిపోయేది. బోధన్, నిజామాబాద్ లాంటి ఉర్దూ, హిందీ పాటలు కూడా వినే ఊళ్ళలో ‘ఝంకార్ బీట్స్’ అని ఇంకో సరుకు అమ్ముడైంది. పాత పాట మీద ఎలక్ట్రానిక్ దరువు, దండిగా ప్రతిధ్వని అతికించి కొత్తగా అమ్మడం. నౌషాద్ కాలపు పాటకు ప్లాస్టిక్ తబలా కట్టడం ఇంజనీరింగు తప్పు కాదు, అభిరుచి తప్పు. కానీ పాట వెనక మోత ఉంటే తప్ప నిండుగా లేదనుకునే చెవిని తయారుచేసిన వాటిలో అదీ ఒకటి.

ఇన్ని లోపాలున్న క్యాసెట్టే, పెద్ద కంపెనీ ఎన్నడూ రికార్డు చేయని పాటను ఊరూరికీ తీసుకెళ్ళింది. గద్దర్ గొంతు, ఒగ్గు కథలు, 2002లో కామారెడ్డిలో మొదలైన తెలంగాణ ఉద్యమ ధూంధాం పాటలు తక్కువ ఖర్చు రికార్డింగుల్లోనే జనంలో తిరిగాయి. శబ్దం శుభ్రంగా లేకపోవడం ఆ పాటల బలాన్ని ఇసుమంతైనా తగ్గించలేదు. నాణ్యత చర్చలో ఈ సంగతి మరిచిపోతే ఆ చర్చ షోరూము స్పీకర్ల బేరంగా మిగిలిపోతుంది.

గట్టిదనం పోటీ

ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1933లో ఒక విషయం కొలిచి చూపారు. శబ్దం పెరిగేకొద్దీ చెవి కింది స్థాయినీ పై స్థాయినీ మరింత బాగా పట్టుకుంటుంది. అంటే ఒకే పాటను కాస్త గట్టిగా వినిపిస్తే మెరుగ్గా ఉందనిపిస్తుంది. పక్కపక్కనే రెండు పాటలు వస్తే గట్టిదే గెలుస్తుంది. వ్యాపారం ఈ బలహీనతను జూక్‌బాక్సుల కాలంలోనే పసిగట్టింది. అయితే ఎల్పీ పలకకు ఒక సహజమైన హద్దు ఉంది: గాడి మరీ ఊగితే సూది ఎగిరిపడుతుంది.

సీడీలో సూది లేదు. డిజిటల్ ధ్వనికి ఉన్నది ఒక్క పైకప్పు. దాన్ని దాటి ఏ శిఖరమూ పోలేదు. శిఖరాన్ని పెంచలేనప్పుడు మోత పెంచాలంటే మిగిలిన దారి ఒకటే, లోయలను పూడ్చడం. కంప్రెసర్, లిమిటర్ అనే సాధనాలు చేసే పని అదే. నాట్లకు ముందు చెక్క లాగి మడిని చదును చేసినట్టు, గట్టి చోట్లను అదిమి, నెమ్మది చోట్లను పైకి లేపి, మొత్తాన్ని కప్పుకు ఆనించేస్తారు. 1980ల తొలి సీడీల్లో సగటు శబ్దం కప్పుకు దాదాపు 15 నుంచి 18 డెసిబెల్స్ కిందుండేది. 2000ల మధ్యకు ఆ ఎడం ఎనిమిదికో పదికో దిగింది.

పాశ్చాత్య దేశాల్లో దీనికి పేరుమోసిన ఉదాహరణలున్నాయి. ఓయాసిస్ 1995 ఆల్బం, రెడ్ హాట్ చిలీ పెప్పర్స్ ‘కాలిఫోర్నికేషన్’ (1999) శబ్దం పగిలేంతగా నొక్కినవని విమర్శకు గురయ్యాయి. 2008 సెప్టెంబరులో మెటాలికా ‘డెత్ మ్యాగ్నెటిక్’ వచ్చినప్పుడు విషయం బజారున పడింది. అవే పాటలు ‘గిటార్ హీరో’ అనే వీడియో గేములో నొక్కకుండా వచ్చాయి, సీడీకంటే ఆటలోని శబ్దమే బాగుందని అభిమానులు పోల్చి చూపారు. మళ్ళీ మిక్స్ చేయమని వేలమంది సంతకాలు పెట్టారు. దాన్ని మాస్టర్ చేసిన టెడ్ జెన్సన్, తన దగ్గరికి వచ్చేసరికే శబ్దం నొక్కి ఉందని చెప్పుకోవలసి వచ్చింది. 2012లో జొవాన్ సెర్రా బృందం 1955 నుంచి 2010 వరకు వచ్చిన 4,64,411 రికార్డింగులను కంప్యూటరుతో విశ్లేషించి, మోత క్రమంగా పెరిగిందని, వాద్యాల నాదంలో వైవిధ్యం తగ్గిందని తేల్చింది.

తెలుగు పాట ఈ పోటీలోకి కాస్త ఆలస్యంగా, మరింత ఉత్సాహంగా దిగింది. 1992 నాటి ‘రోజా’ పాటల్లో ఎ.ఆర్.రెహమాన్ డిజిటల్ ధ్వనిని తేటదనం కోసం వాడారు. ఆయన దగ్గర సంవత్సరాల తరబడి పనిచేసి 2008లో మరణించిన ఇంజనీరు హెచ్.శ్రీధర్ మిక్సుల్లో మౌనానికి కూడా చోటుండేది. ఆ తర్వాత హైదరాబాదులో స్థిరపడిన పాటల పరిశ్రమ ఎఫ్ఎం చానెళ్ళనూ, ఆటోల్లోని స్పీకర్లనూ, ఫోను అడుగున ఉండే వేలిగోరంత స్పీకరునూ దృష్టిలో పెట్టుకుని మిక్స్ చేయడం మొదలుపెట్టింది. బస్సు రొదలో నెమ్మదైన చోటు వినపడదు. కాబట్టి నెమ్మదైన చోటే లేకుండా చేయడం. వ్యాపారపరంగా ఇది తెలివితక్కువ నిర్ణయమేమీ కాదు.

సినిమా హాలు కూడా మినహాయింపు కాలేదు. 1986లో కృష్ణ ‘సింహాసనం’ 70 ఎంఎంలో ఆరు ట్రాకుల స్టీరియోతో వచ్చినప్పుడు శబ్దం చుట్టూ తిరగడమే వింత. 2021 డిసెంబరులో ‘అఖండ’ విడుదలైనప్పుడు తమన్ నేపథ్య సంగీతం ధాటికి అమెరికాలోని కొన్ని థియేటర్లలో స్పీకర్లు దెబ్బతిన్నాయన్న వార్తలు వచ్చాయి. తెలుగు సామాజిక మాధ్యమాల్లో అది ఫిర్యాదుగా కంటే ఘనతగానే చెలామణి అయింది.

విరుగుడు కూడా డిజిటల్ నుంచే వచ్చింది. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం 2006లో శిఖరాన్ని వదిలి చెవికి తగిలే సగటు మోతను కొలిచే పద్ధతి ఇచ్చింది. యూరప్ ప్రసార సంస్థలు 2010లో దాన్ని ప్రమాణంగా తీసుకున్నాయి. ఇప్పుడు స్పాటిఫై, యూట్యూబ్ వంటివి ఆ కొలతలో సుమారు మైనస్ 14 అనే మట్టాన్ని పెట్టుకుని, అంతకంటే గట్టిగా వచ్చిన పాటను తగ్గించి వినిపిస్తాయి. నొక్కి నొక్కి చేసిన పాటకు ఇక లాభం లేదు; తగ్గించాక అది పక్క పాటకంటే పలచగా వినిపిస్తుంది. లెక్క ప్రకారం పోటీ ముగియాలి. ముగియలేదు. నిర్మాతకు పాట తొలిసారి వినిపించే గదిలో ఆ తగ్గింపు ఉండదు, ఊరేగింపు బండి మీద అసలే ఉండదు.

పదకొండో వంతు

సీడీ ధ్వనికి సెకనుకు 1,411 కిలోబిట్ల సమాచారం కావాలి. జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థలో కార్ల్‌హైన్జ్ బ్రాండెన్‌బుర్గ్ తదితరులు తయారుచేసిన ఎంపీ3, ఒక గట్టి ధ్వని పక్కనున్న చిన్న ధ్వనిని చెవి ఎలాగూ పట్టదన్న సూత్రం మీద, ఆ చిన్నవాటిని పారేసి ఫైలును తగ్గిస్తుంది. 128 కిలోబిట్ల ఎంపీ3 అంటే అసలులో పదకొండో వంతు. సాధారణంగా 16,000 హెర్ట్జ్ పైభాగం పోతుంది, తాళాల గలగల నీళ్ళలో మునిగినట్టవుతుంది, చప్పట్ల అంచు మొద్దుబారుతుంది. 320 కిలోబిట్ల దగ్గర మంచి చెవులకూ తేడా కనిపెట్టడం కష్టం.

నిజామాబాదు బస్టాండు చుట్టుపక్కలా, ఆర్మూరు, బాల్కొండ సెంటర్లలోనూ 2000ల చివర వెలసిన మొబైల్ దుకాణాలకు ఆ సున్నితం అక్కర్లేదు. పది ఇరవై రూపాయలకు మెమరీ కార్డు నింపి ఇవ్వాలి. చిన్న ఫైలైతే ఎక్కువ పాటలు పడతాయి. సినిమాకు నాలుగైదు పాటలున్న చోట ‘రెండొందల పాటలు’ అన్న సీడీ రోడ్డు పక్కన దొరికింది. అలా తిరిగిన ఫైళ్ళు చాలావరకు ఒకసారి ఎంపీ3గా కుదించినదాన్ని విప్పి మళ్ళీ కుదించినవి. ప్రతిసారీ ఇంకొంత పోతుంది. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకయ్యాక దొంగ కాపీ అవసరం తగ్గింది. అయితే చాలామందికి పాట వినే చోటు యూట్యూబే అయింది, అక్కడ కూడా ధ్వని ఫైలును మళ్ళీ కుదిస్తారు.

ఫైలు కన్నా ముందే, స్టూడియోలో జరిగిన మార్పు గురించి తక్కువ మాట్లాడతారు. గాయకుడు ఒక ఊళ్ళో, గాయని ఇంకో ఊళ్ళో, వేణువు మరో రోజు, దరువు కంప్యూటర్లో. 1997లో ఆండీ హిల్డెబ్రాండ్ తెచ్చిన ఆటోట్యూన్ శ్రుతి తప్పిన స్వరాన్ని సరిదిద్దుతుంది. తప్పని స్వరాన్ని కూడా దిద్దమంటే దిద్దుతుంది. గమకంలో స్వరం నిలకడగా ఉండదు, ఊగడమే దాని అందం. ఆ ఊగును లోపమనుకుని సాఫీ చేస్తే మిగిలేది కీబోర్డు మెట్టు. ఇళయరాజా చాలాకాలం అందరినీ ఒక హాల్లో కూర్చోబెట్టే పద్ధతినే పట్టుకుని ఉన్నారు. ప్రసాద్ స్టూడియోతో దశాబ్దాల బంధం తెగాక 2021లో చెన్నైలోనే సొంత స్టూడియో తెరిచారు.

డీసీఎం మీద డీజే

వినాయక నిమజ్జనానికి, పెళ్ళి బరాతుకు, నిజామాబాదు ఊరపండుగకు ఇప్పుడు డీజే లేకుండా కదలని రోజులు. వాహనం మీద పేర్చిన స్పీకర్ల ముందు పాటంటే 40 నుంచి 100 హెర్ట్జ్ మధ్య కొట్టే దెబ్బ. గుండెల్ల దమ్‌దమ్ అనాలె, అంతే. యూట్యూబులో పుట్టిన జానపద పాటకు విడుదలైన నాలుగు రోజుల్లో ‘డీజే మిక్స్’ తయారవుతుంది: మాట వెనక్కి, దరువు ముందుకి, మొత్తం కప్పుకు ఆని పగిలే దాకా.

బతుకమ్మ పాట ఇందులో చిక్కుకోవడం మిగతా వాటికంటే ఎక్కువ నష్టం. వాద్యం లేని పాట అది. ఒకామె ఎత్తుకుంటే తక్కినవాళ్ళు అందుకుంటారు, చప్పట్లే తాళం. ఆ ఒక్క గొంతుకూ నలభై గొంతులకూ మధ్య తేడాలోనే దాని అందమంతా ఉంది, డీజే ముందుగా చెరిపేసేది ఆ తేడానే. నిజామాబాద్ మాజీ ఎంపీ కవిత నెలకొల్పిన తెలంగాణ జాగృతి 2021లో ఎ.ఆర్.రెహమాన్ చేత ఒక బతుకమ్మ పాట చేయించింది. గౌతమ్ మీనన్ దాన్ని చిత్రీకరించారు. స్టూడియో స్థాయి ధ్వనితో పండుగ పాట వచ్చిన అరుదైన సందర్భం అది. పండుగ మైదానాల్లో వినిపించేది మాత్రం ఎక్కువగా డీజే మిక్సులే.

చట్టం ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు; రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు లౌడ్ స్పీకర్లు వాడకూడదు. హైదరాబాద్ పోలీసులు 2024లో మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సంగీత వేదికలకు సగటున 100 డెసిబెల్స్ గరిష్ఠ పరిమితి సూచించింది. డీజే బండి పక్కన నడిచేవాళ్ళ చెవులకు నష్టం ఒక్క రాత్రితో తెలియదు. మొదట పోయేది పై స్థాయి వినికిడి. అంటే, ఎంత మంచి రికార్డింగు ఇచ్చినా అందులోని తేటదనాన్ని పట్టుకోవలసిన భాగమే.

వెనక్కి తిరిగే దారులు

విసిగిపోయినవాళ్ళలో కొందరు పలకల వైపు మళ్ళారు. అమెరికాలో 2022లో 4.1 కోట్ల ఎల్పీలు అమ్ముడై, 1987 తర్వాత మొదటిసారి సంఖ్యలో సీడీలను దాటాయి. పలక దానంతట అదే మెరుగన్న నమ్మకం మాత్రం అదే ఏడాది జులైలో దెబ్బతింది. పూర్తిగా అసలు టేపు నుంచే చేస్తుందని పేరున్న మొబైల్ ఫిడెలిటీ సంస్థ ఏళ్ళుగా మధ్యలో డిజిటల్ కాపీ వాడుతోందని బయటపడింది. అప్పటిదాకా ఆ పలకలను మెచ్చుకున్న నిపుణులు పసిగట్టలేకపోయారు. అంతకుముందు 2007లో మేయర్, మోరన్ అనే ఇద్దరు, సీడీ స్థాయినీ అంతకుమించిన హై రిజల్యూషన్ స్థాయినీ కళ్ళకు గంతలు కట్టినట్టు మార్చి మార్చి వినిపించి చూశారు; సరైన జవాబులు బొమ్మాబొరుసూ వేస్తే వచ్చేటన్నే వచ్చాయి. పాట చెడుతున్నది డబ్బా వల్ల కాదని, అందులో పోసే చేతుల వల్లనని ఈ రెండూ సూచిస్తాయి.

తెలుగులో పాత ధ్వనిని బాగుచేసే పని చెదురుమదురుగా జరిగింది. గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ ‘మాయాబజార్’ను రంగుల్లోకి మార్చి 2010 జనవరి 30న విడుదల చేసినప్పుడు ధ్వనిని కూడా డీటీఎస్‌లోకి తెచ్చింది. సరెగమ 2017లో పాత పాటలు నింపిన కారవాన్ పెట్టెను తెచ్చి పెద్దవాళ్ళ గదుల్లోకి చేర్చింది. అది అమ్మింది సౌలభ్యాన్నే, నాణ్యతను కాదు.

ఏ భాగమూ పారేయని ‘లాస్‌లెస్’ ధ్వనిని ఆపిల్ మ్యూజిక్ 2021లో అదనపు రుసుము లేకుండా ఇవ్వడం మొదలుపెట్టింది. స్పాటిఫై 2025లో అనుసరించింది. తెలుగు పాటలూ అందులో ఉన్నాయి. అయితే బ్లూటూత్ ఇయర్‌ఫోన్లకు పాట చేరాలంటే దారిలో సాధారణంగా మళ్ళీ కుదించాల్సి వస్తుంది, అలా వినేవాళ్ళకు పూర్తి ధ్వని అందదని ఆపిలే అప్పట్లో చెప్పింది. వైరు తగిలిస్తే అందుతుంది. ఆ వైరు గుచ్చే రంధ్రాన్ని ఆపిల్ 2016లో ఐఫోన్ 7 నుంచే తీసేసింది. ఇప్పుడు దుకాణాల్లో దొరికే చాలా ఫోన్లలోనూ అది లేదు.